తుడిచినా పోని వాక్యం

కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

ఆ ఇంట్లో అలా జరగకూడదు. జరగకూడదనే వంటింటి గోడకు పలక తగిలించారు. ఉప్పు వేసినవారు, పాలు కాచినవారు, కుళాయి కట్టేసినవారు ఎవరైనా సరే, ఏం చేశారో, ఎందుకు చేశారో పలక మీద ఒక ముక్క రాసి వెళ్లాలి. ఆ నియమం పెట్టింది ఆ ఇంటి పెద్దకోడలు. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉంది. అందులో రాయడానికి కొత్తగా వచ్చినవారిని చేయిపట్టి నడిపించడం ఆమె చాలా ఏళ్లుగా చేస్తున్న పని. జీతం లేదు, బిరుదు మాత్రం ఉంది. తాతల వయసువాళ్లతో సహా అక్కడ అందరూ ఆమెను పిన్ని అంటారు. పేజీలో కామా మార్చినా కారణం రాయాలన్నది అక్కడి మర్యాద. దాన్నే ఆమె వంటింట్లోకి తెచ్చింది.

"ఇది కూరా, సముద్రమా?" అన్నారు అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకుని.

పొయ్యి మీద ఉన్నప్పుడే తాను ఉప్పు వేశానని, వేసి పలక మీద రాశానని, కళ్లున్నవాళ్లు చూసుకోవచ్చని అన్నారు. అందరూ చూశారు. పలక ఖాళీగా ఉంది. రాశాననుకుని మరిచిపోయి ఉంటావులే అమ్మా అన్నాడు పెద్దకొడుకు. దాంతో ఆవిడ అగ్గిమీద గుగ్గిలమయ్యారు. తనకింకా మతిపోలేదని, పోయేరోజు ముందుగా అందరికీ చెప్పే పోతుందని ఆవిడ అంటుండగానే, చిన్నకొడుకు యూనిఫాం బెల్టు బిగించుకుంటూ తానైతే వంటింటి గడపే తొక్కలేదని చెప్పి, ఒక పండు జేబులో వేసుకుని బయటపడ్డాడు. ఇన్‌స్పెక్టరు గారికి ఆ రోజు పెద్ద పని ఉంది.

గొడవ చల్లారాక పిన్ని పలకను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకుంది. తడిబట్ట పెట్టకుండా అరచేత్తో తుడిచినట్టుంది. వెలుతురు పక్కనుంచి పడేసరికి రెండు వరుసలు తేలాయి. పైన అత్తగారి గుండ్రటి అక్షరాలు. కింద, చప్పగా ఉంది గనుక ఉప్పు వేశానంటూ, ఆ ఇంట్లో ఒక్కరికే ఉన్న, పక్కకి వాలిన చేతిరాత. వేసి, రాసి, అప్పుడు పైవరుస చూసుకుని, రెండూ కలిపి తుడిచేశాడన్నమాట మరిది. చిటికెడు ఉప్పుకి ఇంత అబద్ధమా అనుకుంది గానీ, ఆరిన మంటను మళ్లీ రాజేయడం ఇష్టంలేక పలకను మేకుకి తగిలించింది.

అప్పుడే లాయరమ్మ ఫోను చేసింది.

లాయరమ్మ, పిన్ని కాలేజీలో ఒకే బెంచీ మీద చదువుకున్నారు. కేసులో ముడి బిగుసుకుంటే విప్పిపెట్టమని లాయరమ్మ ఆమెనే పిలుస్తుంది. ఇంతకుముందు రెండు కేసులు అలా విప్పింది. ఈసారి ముడిలో చిక్కుకున్నది పిన్ని శిష్యురాలే. గడియారాల మ్యూజియంలో వస్తువుల ముందు పెట్టే లేబుళ్లు రాసే అమ్మాయి.

అక్కడి ఇత్తడి ఓడ గడియారం శుక్రవారం పొద్దున అద్దాల పెట్టెలో లేదు. అద్దం పగల్లేదు, తాళం విరగలేదు. తాళంచెవి మ్యూజియం అధికారి దగ్గర ఒకటి, లేబుళ్లు మార్చాలి కాబట్టి ఈ అమ్మాయి దగ్గర ఒకటి ఉన్నాయి. గోడలకు రంగులు వేయడం కోసం ఆ హాలు రెండు నెలలుగా మూసే ఉంది. పెట్టెలన్నిటికీ దుప్పట్లు కప్పి ఉంచారు. గురువారం సాయంత్రం దుప్పటి తీసినప్పుడు గడియారం ఉందని, తన కళ్లతో చూశానని అధికారి వాంగ్మూలం ఇచ్చాడు. దొంగతనం ఆ రాత్రే జరిగిందన్నమాట. ఇంతవరకైతే తాళంచెవి ఉన్న పాపానికి అనుమానమే. కానీ అంతకు ముందే, బుధవారం మధ్యాహ్నం, విజ్ఞాన సర్వస్వంలోని ఆ మ్యూజియం పేజీలో గడియారం గురించిన పేరా మొత్తం మారిపోయింది. కొత్త పేరా చివరి వాక్యం: ఓడ గడియారం ఇప్పుడు ఈ మ్యూజియంలో లేదు. మార్చింది లేబుళ్లమ్మాయి ఖాతా. ఉన్న వస్తువు లేదని దొంగ కాక ఎవరు రాస్తారన్నది పోలీసుల ప్రశ్న. రేపు పొద్దున ఆమెను అరెస్టు చేసి కోర్టుకి తీసుకెళ్తారు. కేసు చూస్తున్నది పిన్ని మరిదే.

లాయరమ్మ ఆఫీసులో ఆ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని ఉంది. పిన్ని ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, రాసే పద్ధతి గురించి అడగడం మొదలుపెట్టింది. ఎక్కడ కూర్చుని రాస్తావు, ఏ వేళ రాస్తావు, ఎన్నిసార్లు భద్రపరుస్తావు. ఆ అమ్మాయి మొదట తెల్లబోయింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. మ్యూజియం స్టాఫ్‌రూంలో ఉన్న పాత కంప్యూటరు మీద, భోజనం విరామంలో. అది వేడెక్కితే దానంతటదే ఆగిపోతుంది. అందుకని నాలుగు మాటలు రాయడం, భద్రపరచడం, మళ్లీ నాలుగు మాటలు.

"మీరు చీవాట్లు కూడా పెట్టారు పిన్నీ. పేజీ ఎలా వస్తుందో మునుజూపులో చూసుకుని అంతా ఒకేసారి భద్రపరచమన్నారు. అంతసేపు ఆ కంప్యూటరు బతకదు."

"పని అయ్యాక ఖాతా లోంచి బయటికొస్తావా?"

ఆ అమ్మాయి తల దించుకుంది. రాదు. మళ్లీ లోపలికి వెళ్లేసరికి ఉన్న విరామం కాస్తా అయిపోతుంది. కొత్తవాళ్లందరికీ పిన్ని మొదటిరోజే చెప్పే మాట, ఇంటికి తాళం వేసినట్టు ఖాతాకీ తాళం వేసి లేవండి అని. అందరూ తల ఊపుతారు. సగం మంది వేయరు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆ అమ్మాయి పేరు మీదే రాయగలరు.

చివర్లో ఇంకో సంగతి బయటపడింది. పొరపాటు జరిగిందని ఒక కాగితం మీద సంతకం పెడితే కేసు లేకుండా చూస్తానని అధికారి కబురు పెట్టాడు. లాయరమ్మ కూడా ఆలోచించమంది.

"చేసినదానికైతే వందసార్లు రాసిస్తాను. చేయనిదానికి ఒక్క సంతకం పెట్టను," అంది ఆ అమ్మాయి.

"పెట్టకు," అంది పిన్ని లేస్తూ.

మ్యూజియంలో మరిది ఆమెకోసమే అన్నట్టు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇంట్లో నువ్వు అనేవాడు అక్కడ, పదిమంది ముందు, మీరు అన్నాడు.

"వదినగారూ, ఇది వంటిల్లు కాదు. నేరం జరిగిన చోటు."

"వంటిల్లంటే అంత చులకన దేనికయ్యా? అక్కడా ఒకరు చేసింది ఇంకొకరి మీద పడుతూనే ఉంటుంది," అంది పిన్ని. లాయరమ్మ తెప్పించిన అనుమతి కాగితం అతని చేతిలో పెట్టి లోపలికి నడిచింది.

అధికారి మర్యాదస్తుడు. నడుస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. అతని గదిలో గోడమీద పాత ఫుట్‌బాల్ జట్టు ఫోటో ఒకటుంది. తలుపు తెరిచి ఉండడంతో పిన్నికి నడవలోంచే కనిపించింది. ముందువరుసలో జుట్టు ఒత్తుగా ఉన్న అధికారి. వెనక, చేతికి తొడుగులతో ఆమె మరిది. ఒకే జట్టులో ఆడినవాళ్లు ఆమె వచ్చినప్పటినుంచీ ఒకరినొకరు సార్ అనే పిలుచుకుంటున్నారు.

గడియారం ఉండే పెట్టె హాలు చివర ఉంది. లోపల పీఠం మీద నల్లటి మఖమలు గుడ్డ. ఎన్నో ఏళ్లు బరువు మోసి, గడియారం నాలుగు కాళ్లూ ఉన్నచోట గుడ్డ నాలుగు గుంటలు పడింది. పిన్ని మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు పీఠం ఎత్తుకు దించి చూసింది. గోడలు గీకినప్పుడు లేచే తెల్లటి పొడి దుప్పట్లకీ అద్దాలకీ లొంగదు. బీరువాలో మడతపెట్టిన బట్టల్లోకీ చేరుతుందని ఇల్లు సున్నం కొట్టించుకున్న ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. మఖమలంతా ఆ పొడి పలచగా, సమంగా పరుచుకుని ఉంది. గుంటల్లో కూడా.

గోడలు గీకింది ఎప్పుడని ఆమె అధికారిని అడిగింది. హాలు మూసిన మొదటి వారంలోనే అన్నాడు. ఆ తర్వాత అంతా రంగుల పనే.

"అయితే గురువారం నాటికే గడియారం ఇక్కడ లేదు," అంది పిన్ని. "ఉంటే కాళ్లకింద పొడి ఎలా పడింది? పెద్ద పెట్టె జరిపితే కింద నేల శుభ్రంగా ఉంటుంది. ఇక్కడ గుంటలో కూడా మిగతాచోట ఉన్నంతే ఉంది. గోడలు గీకకముందే ఇది వెళ్లిపోయింది. ఒకసారి వంగి చూడు."

మరిది వంగాడు. తొందరేమీ లేకుండా చేతిరుమాలు తీసి, మఖమలు మీద ఈ చివరినుంచి ఆ చివరికి ఒక్క ఊపున తుడిచాడు.

"ఎక్కడుంది పొడి?" అన్నాడు రుమాలు మడుస్తూ.

పిన్ని లేచి నిలబడింది. ఫోటో తీయకముందే నోరు జారినందుకు తనను తాను తిట్టుకుంది. ఆమె కళ్లముందు మఖమలు లేదు, పొద్దుటి పలక ఉంది. అదే చేయి, అదే ఊపు.

"చేతికందినదల్లా తుడవడం అలవాటైపోయింది నీకు," అంది నెమ్మదిగా.

స్టాఫ్‌రూంలో ఆమె ఆ పాత కంప్యూటరు ముందు కూర్చుంది. విజ్ఞాన సర్వస్వంలో ప్రతి పేజీకీ చరిత్ర ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ ముక్క మార్చారో దారినపోయేవాడైనా తెరిచి చూడొచ్చు. లేబుళ్లమ్మాయి చేసిన మార్పులు చీమల బారులా ఉన్నాయి. నాలుగు మాటలు, ఇంకో నాలుగు మాటలు, మధ్యలో ఒక కామా. బుధవారం నాటి మార్పు ఒక్కటే వాటికి చుట్టం కాదు. పాత పేరా తీసేసి, కొత్త పేరా నిండుగా, తప్పు లేకుండా ఒకేసారి దించేశారు. ఎక్కడో రాసి, సరిచూసుకుని, తెచ్చి ఇక్కడ అతికించిన పేరా అది.

ఆ రోజు జాగ్రత్తపడి ఉంటుందని మరిది అన్నాడు.

"మరి దొంగతనం చేయబోయేది ముందుగా ఊరికి దండోరా వేసుకుంటుందా?"

"మీ శిష్యురాలు కదండీ. ఉన్నది ఉన్నట్టు రాయాలని మీరే నేర్పించి ఉంటారు."

ఆ మాటకి అధికారి ఒక్కడే నవ్వాడు. ఆ నవ్వులోనే, టీ తెచ్చిన అటెండరుతో, సారుకి చక్కెర లేకుండా ఇయ్యి, బుధవారం కూడా వద్దన్నారు కదా అన్నాడు.

మరిది కప్పు అందుకోబోయి ఆగాడు.

"శుక్రవారం," అన్నాడు మరిది.

"అవునవును, శుక్రవారం," అన్నాడు అధికారి.

ఈ మ్యూజియంలో అడుగుపెట్టడం శుక్రవారమే మొదటిసారని మరిది ఇంట్లో చెప్పాడు, లాయరమ్మకూ చెప్పాడు. పిన్ని టీ ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

ఇంటికి రాగానే భోజనాల బల్ల మీద తన కంప్యూటరు తెరిచింది. పోయిన ఏడాది ఇదే బల్ల మీద మరిదికి పాఠం చెప్పింది. తమ డిపార్టుమెంటు ఫుట్‌బాల్ జట్టు గురించి ఒక పేజీ రాయాలని అతని సరదా. ఖాతా తెరిపించింది. మొదట నేరుగా పేజీలో రాయొద్దని, ప్రతివారికీ ప్రయోగశాల అని ఒక సొంత పేజీ ఉంటుందని, అందులో రాసి దిద్దుకోమని చెప్పింది. ఈ మాట అతనికి బాగా నచ్చింది. ముందు చిత్తుప్రతి రాసుకోనిదే కాగితం మీద కలం పెట్టని మనిషి. పెళ్లాం పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా చిత్తు రాసి దిద్దుకుని పంపే రకం. ఆ తర్వాత ఆమె ఇంకో మాట చెప్పింది. ప్రయోగశాల నీదే గానీ రహస్యం కాదు, ఎవరైనా చూడొచ్చు, తుడిచేసినా చరిత్రలో ఉండిపోతుంది అని. ఆ సమయానికి అతను ఫోను చూసుకుంటున్నాడు. జట్టు మీద రాసిన పేజీని ఆధారాలు లేవని ఎవరో తీసేస్తే, మూడు నెలలు వదినతో సరిగ్గా మాట్లాడలేదు కూడా.

ఆమె అతని ప్రయోగశాల తెరిచింది. తెల్లగా, ఖాళీగా ఉంది. చరిత్ర నొక్కింది.

మంగళవారం. గడియారం గురించిన పాత పేరా తెచ్చి పెట్టుకున్నాడు. ఒక్కో వాక్యమే మార్చాడు. బుధవారం లేబుళ్లమ్మాయి పేరు మీద చేరిన పేరా అక్షరం పొల్లుపోకుండా అక్కడుంది. చివరి వాక్యం మాత్రం రెండుసార్లు దిద్దాడు. మొదట రాసింది చదివి పిన్ని కుర్చీలో వెనక్కి వాలింది.

గడియారం దొంగతనానికి గురైంది, అని ఉంది. దొంగతనం జరిగిందని ఊరికి తెలియడానికి ఇంకా మూడు రోజులుంది. తర్వాత అది మరీ పచ్చిగా ఉందనిపించిందేమో, ఇప్పుడు ఈ మ్యూజియంలో లేదు, అని దిద్దాడు. ఆ తర్వాత అంతా తుడిచేశాడు.

ఆమె ఆ పేజీ లింకుని లాయరమ్మకి పంపింది. లాయరమ్మ వెంటనే ఫోను చేసి ఒకటే అడిగింది, ఆ ఖాతా అతనిదేనని రుజువేమిటని. ఖాతాకి ఉన్నది మారుపేరు, గోల్‌కీపరు. వెనక ఉన్న మనిషెవరో విజ్ఞాన సర్వస్వంలో ఎక్కడా రాసిలేదు. అది తెలిసినవాళ్లు ఈ ఇంట్లో తప్ప లేరు.

"ఆలోచించుకో. నువ్వు బోనెక్కితే తప్ప ఇది ఎవరో అనామకుడి చిత్తుప్రతి," అంది లాయరమ్మ.

సాయంత్రం భోజనాలకి నలుగురూ కూర్చున్నారు. మరిది భార్య వేరే ఊళ్లో ఉద్యోగంలో ఉంది కాబట్టి అతని భోజనం ఇక్కడే. పొద్దుటి ఉప్పు సంగతి మీద అత్తగారికింకా కోపం పోలేదు. పెద్దకొడుకు బుజ్జగింపుగా, ఈ పూట కూర అమృతమన్నాడు. ఎవరూ నవ్వలేదు. పిన్ని అందరికీ వడ్డించింది. మరిది పళ్లెంలో కూడా, ఎప్పుడూ వేసినంతే వేసింది. తర్వాత తన కుర్చీలో కూర్చుని, ముద్ద కలపకుండా చెప్పింది.

"రేపు కోర్టులో ఆ అమ్మాయి తరఫున సాక్ష్యం చెబుతున్నాను."

ఎవరి మీద అని భర్త అడిగాడు. ఆమె జవాబు మరిదికేసి చూసి చెప్పింది. పలక దగ్గర మొదలుపెట్టలేదు. మఖమలు, బుధవారం నాటి టీ, ప్రయోగశాల, వరసగా చెప్పింది. గడియారం ఎక్కడికి పోయిందో, ఎవరు అమ్ముకున్నారో తనకు తెలియదని, అది వేరేవాళ్లు తేల్చుకుంటారని, తన శిష్యురాలి పేరు మీద ఎవరు రాశారన్నదే తనకు తెలుసని చెప్పింది. భర్త ముద్ద పళ్లెంలోకి జారవిడిచాడు.

మరిది మాత్రం తినడం ఆపలేదు.

"ఆ ఖాతాలో నా పేరెక్కడుంది వదినా? గోల్‌కీపరు అని ఉంది. ఊరినిండా గోల్‌కీపర్లే."

"తెరిచింది ఈ బల్ల మీద. పక్కన కూర్చున్నది నేను. అదే చెబుతాను."

"ఇంటి పరువు తీస్తావన్నమాట."

"అది నువ్వు మంగళవారమే తీశావు. తుడవడం కుదర్లేదంతే."

అతను మంచినీళ్లు తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు. గొంతు తగ్గించాడు. "అంటే నువ్వొక్కదానివే సాక్షివి. ఒక్క సాక్షిని నమ్ముకుని కేసు నడపకూడదు. తెల్లారేలోపు మనిషికి ఏమైనా కావచ్చు."

"ఏమన్నావురా?" అంటూ అన్న లేచాడు. పిన్ని అతని మోచేయి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె కళ్లు మరిది మీంచి కదల్లేదు.

అప్పటిదాకా అత్తగారు పళ్లెంలోంచి తల ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తి చిన్నకొడుకుని ఒక్క ప్రశ్న అడిగారు.

"పొద్దున కూరలో రెండోసారి ఉప్పు వేసింది నువ్వేనా?"

మరిది ఏదో అనబోయాడు. నిజం చెప్పడానికి అంతకన్నా తేలికైన ప్రశ్న ఆ రోజంతట్లో అతన్ని ఎవరూ అడగలేదు. తల్లి ఆగారు. అతను గోడమీది పలకకేసి చూసి, చూపు దించుకున్నాడు.

ఆవిడ చేయి కడుక్కుని వచ్చి మళ్లీ తన కుర్చీలోనే కూర్చున్నారు.

"ఆ ఖాతా తెరిచిన రోజు నేనూ ఇక్కడే కూర్చుని బఠానీలు వలుస్తున్నాను," అన్నారు, చీర చెంగుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటూ. "పేరేం పెట్టాలని వీడు తల గోక్కుంటుంటే గోల్‌కీపరు అని పెట్టుకోమన్నది నేనే. నాకింకా మతిపోలేదు."

తర్వాత పెద్దకొడుకువైపు తిరిగారు.

"పొద్దున్నే బండి తీసి ఉంచు. కోర్టుకి నేనూ, కోడలూ వెళ్తున్నాం."